ఆన్‌లైన్ ప్రకటనల వేలం: మోసాలపై అప్రమత్తత అవసరం

వెల్దుర్తి (పల్నాడు జిల్లా): వెల్దుర్తిలో ఒక పాఠకుడు సెల్‌ఫోనులో వార్తల వెబ్‌సైటు తెరవగానే, అందులోని ప్రకటన స్థలానికి కంప్యూటర్ల మధ్య వేలం జరుగుతుంది. పుట పూర్తిగా కనిపించేలోపే అధిక ధర పలికిన వారి ప్రకటన అక్కడ చేరుతుంది.

ఈ వేలంలో ప్రకటనదారు తాను కొన్న స్థలాన్ని స్వయంగా చూడరు. మోసాలకు ఆస్కారం ఇక్కడే ఏర్పడుతోంది. 2014-16 మధ్య ‘మెథ్‌బాట్’ ముఠా 1,900కు పైగా సర్వర్లతో లేని పాఠకులను ఉన్నట్లు చూపి, పేరున్న వెబ్‌సైట్లను అనుకరించి, 70 లక్షల డాలర్లకు పైగా కాజేసింది. సూత్రధారికి 2021లో అమెరికా న్యాయస్థానం 10 సంవత్సరాల జైలుశిక్ష విధించింది.

ప్రభుత్వ ప్రకటనలకు చెల్లించేది ప్రజాధనం. కావున అధికారులు బిల్లులు మంజూరు చేసే ముందు, ప్రకటన వెలువడిన వెబ్‌సైట్ల జాబితాను తప్పక కోరవలెను. ప్రకటన స్థలాన్ని విక్రయించే అధికారం ఎవరికున్నదో వెబ్‌సైటు యజమానులు ‘యాడ్స్ డాట్ టీఎక్స్‌టీ’ అనే ఫైలులో బహిరంగంగా పొందుపరుస్తారు. విక్రేత వివరాలను దానితో సరిచూడవలెను. పాత్రికేయులు సైతం తమ సంస్థల ఫైలు తాజాగా ఉండేలా చూడగలరని కోరడమైనది.