‘బలం సూది’తో బలం రాదు

గద్వాల మగ్గాల మీద నడుము పట్టేసినా, వనపర్తి పొలాల్లో కూలికి జ్వరం తగిలినా, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ముసలివాళ్లకు మోకాళ్లు నొచ్చినా ఆర్‌ఎంపీ దగ్గర ‘బలం సూది’ వేయించుకుంటే చాలన్న నమ్మకం ఇంకా పోలేదు. వెంటనే గుణం చూపే అలాంటి సూదుల్లో తరచూ ఉండేది డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. సాయంత్రానికి నొప్పి, జ్వరం తగ్గుతాయి, ఆకలేస్తుంది. అయితే రోగం తగ్గి కాదు, దానితో పోరాడే తెల్లకణాలు అణిగిపోయి. ఏ తెల్లకణం బతకాలో, ఏది చావాలో తేల్చేవి రసాయన సంకేతాలే. ఐఎల్-7 లాంటి సంకేతాలు లింఫోసైట్లు అనే తెల్లకణాలను బతికిస్తాయి. స్టెరాయిడ్ ఆ కణంలోకి వెళ్లి జన్యువుల పనితీరు మార్చి, బిమ్ అనే ప్రొటీన్‌ను పెంచుతుంది. దాంతో మైటోకాండ్రియా పొరకు చిల్లులు పడతాయి, కాస్పేజ్ ఎంజైములు మేల్కొని కణాన్ని లోపలినుంచే ముక్కలు చేస్తాయి. లింఫోసైట్ల నుంచి పుట్టే రక్తక్యాన్సర్లకు వైద్యులు స్టెరాయిడ్ ఇచ్చేది ఈ చంపే గుణం కోసమే. అలాంటి మందు ఒంటికి రక్షణశక్తి ఎలా పెంచుతుంది?

సూది తర్వాత రక్తపరీక్షలో తెల్లకణాలు పెరిగాయి కదా అంటారు. రిపోర్టులో ఆ కింది వరుసలు కూడా చదవాలి. పెరిగేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు, తగ్గేవి లింఫోసైట్లు. రక్తనాళాల గోడలకు అంటుకుని ఉండే న్యూట్రోఫిల్స్‌ను స్టెరాయిడ్ రక్తంలోకి వదిలిస్తుంది, వాటి చావునూ వాయిదా వేస్తుంది. మొత్తం అంకె పెరిగినా, అవి ఇన్‌ఫెక్షన్ ఉన్న చోటికి సరిగా చేరలేవు.

స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతుందన్న మాట మాత్రం ఒప్పుకోవాల్సిందే. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధనలో, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల మరణాలను డెక్సామెథాసోన్ మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు చేయలేదు. ఈ తేడా పట్టించుకోకుండా విచ్చలవిడిగా వాడటం, దానికి షుగర్ తోడవడం ప్రధాన కారణాలై 2021లో బ్లాక్ ఫంగస్ విజృంభించింది. ఆ మేలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పక నివేదించాల్సిన వ్యాధిగా ప్రకటించింది.

గ్లూకోజు బాటిల్ బలమిస్తుందన్నదీ, ఇమ్యూనిటీ పొడి తింటే రోగాలు రావన్నదీ ఉత్త మాటలు. సూది వేసేముందు మందు పేరు అడిగి చీటీ మీద రాయించుకోండి. షుగర్, టీబీ ఉంటే ముందే చెప్పండి. ఎక్కువ రోజులుగా స్టెరాయిడ్ వాడుతున్నవారు ఉన్నట్టుండి మానకండి, అదీ ప్రమాదమే. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. అక్కడి డాక్టరుకు చూపించుకుని, వారు చెప్పినట్టే మెల్లగా తగ్గించుకోండి.