సమాధి లేని వైమానికులకు స్మారకము

బాసరలో గోదావరి రేవునకు అస్థికలతో వచ్చు కుటుంబములను చదువరులు చూచియే యుందురు. ఆప్తుని అస్థికలను నదిలో కలిపి, పిండప్రదానము గావించి, వారు కొంత మనశ్శాంతితో ఇంటికి మరలుదురు. అయితే అస్థికలే దొరకనివారి మాట యేమి? దేహము దొరకనపుడు దర్భలతో ప్రతిమ చేసి సంస్కరించు ఆచారము మనకు గలదు. ఇంగ్లండులోని రన్నీమీడ్ వైమానిక స్మారకము వెనుకనున్న భావమును ఇట్టిదే.

లండను నగరమునకు పశ్చిమమున, థేమ్సు నదికి ఎగువగా, కూపర్సు కొండపై ఇది యున్నది. 1953 అక్టోబరు 17న ఎలిజబెత్ రాణి దీనిని ఆవిష్కరించెను. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటను నుండియు, ఉత్తర, పశ్చిమ ఐరోపా స్థావరముల నుండియు ఎగిరి, జాడ తెలియకపోయిన 20 వేలకు పైగా వైమానికుల పేర్లు దీని రాతిపై చెక్కబడినవి. సముద్రమున కూలిన విమానము మనిషితో సహా మునిగిపోవును. మండి కూలినచో ఆనవాలే మిగులదు. అందువలన వారికి పేరే సమాధి. ఏ సంవత్సరమున పోయినవారిని ఆ సంవత్సరము క్రింద చేర్చుటచే బంధువులు తమవారిని సులభముగా గుర్తింపగలరు.

భారతీయ సూఫీ గురువు ఇనాయత్ ఖాన్ కుమార్తె నూర్ పేరును ఇందు గలదు. వైమానికదళ స్త్రీ విభాగమునకు చెందిన ఈమెను 1944 సెప్టెంబరులో దాఖౌ నిర్బంధ శిబిరమున జర్మనులు చంపిరి.

మన ప్రాంతమునకును దీనితో సంబంధము కలదు. 1918లో నిజాము ఇచ్చిన విమానములతో 110వ స్క్వాడ్రను యుద్ధమునకు దిగి, హైదరాబాదు పేరు ధరించెను. నాడు బాసరయు ఆ సంస్థానములోనిదే. రెండవ యుద్ధమున 152, 253 స్క్వాడ్రనులును ఆ పేరునే వహించెను. 152వ దళపు చిహ్నము నిజాము తలపాగాయే. 1940లో ఈ దళము ఇంగ్లండు దక్షిణ తీరమును కాపాడుచు పోరాడెను. ఆ పోరులో సముద్రము పాలై తిరిగిరాని యువకుల పేర్లు రన్నీమీడ్‌లో నేటికిని చదువవచ్చును.

స్వతంత్ర భారతమునకై ప్రాణములిచ్చిన సైనిక, నౌకా, వైమానిక దళములవారి కొరకు న్యూఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకము 2019 ఫిబ్రవరి 25న ప్రారంభింపబడినది. అందలి త్యాగచక్రమున ఒక్కొక్క వీరునికి ఒక్కొక్క గ్రానైటు ఫలకము గలదు. ఢిల్లీకి పోవు గ్రామస్థులు దానిని తప్పక దర్శింపవలెను. తమ యూరినుండి దళములలో చేరి తిరిగిరానివారి పేర్లను పంచాయతీలు, పాఠశాలలు వ్రాసి పదిలపరచుట మంచిది. నది లేనిచోట కూడ పేరు నిలువగలదు. దానిని చదువువారు మాత్రము ఉండవలెను.