మిషను కుయ్యిమన్న చోటల్లా గుంత తవ్వాలా?

మా అలంపూర్‌లో పాతింటి గోడ పడగొట్టినా, మరుగుదొడ్డికని నాలుగడుగుల గుంత తవ్వినా పక్కింటివాళ్లు ఒకసారి తొంగిచూసి పోతారు. "ఏమన్నా బయటపడిందా వదినా?" అని నవ్వుతూనే అడుగుతారు గానీ, ఆ నవ్వు వెనక కాస్త ఆశ లేకపోలేదు. ఎందుకుండదు చెప్పండి? దాదాపు 1300 ఏళ్ల కిందట బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలున్న ఊరు ఇది. జోగులాంబ అమ్మవారు కొలువైన చోటు. పక్కనే తుంగభద్ర, ఇంకాస్త ముందుకు పోతే అది కృష్ణలో కలిసే సంగమం. ఇన్ని వందల ఏళ్లుగా యాత్రకొచ్చినవాళ్లు, సరుకు అమ్ముకున్నవాళ్లు, సైన్యాల వెంట నడిచినవాళ్లు ఎంతమందో! ఎవరి కొంగుముడి విడిపోయో ఒక్క కాసైనా జారిపడి ఉండదా?

ఇదివరకు ఈ ఆశకు అంజనం వేసేవాళ్లు దొరికేవాళ్లు. ఇప్పుడు మిషను దొరుకుతోంది. బస్టాండుల్లో, పెద్ద గుళ్ల వాకిళ్లలో పోలీసులు పట్టుకునే మెటల్ డిటెక్టరు మీరు చూసే ఉంటారు. ఇది దానికి అన్నలాంటిది. చేతికర్రంత కడ్డీ, కింద పళ్లెంలాంటి చక్రం, పైన అంకెలు చూపే చిన్న తెర. చీపురు తిప్పినట్టు నేలమీద అటూ ఇటూ తిప్పుకుంటూ పోవడమే. కింద లోహముంటే కుయ్యిమంటుంది. అంతవరకు బాగానే ఉంది. పూటకు వందసార్లు కుయ్యిమంటే ఏది తవ్వాలి, ఏది వదిలెయ్యాలి? మిషను కొన్నవాళ్లకు మొదటిరోజే ఎదురయ్యే ప్రశ్న ఇది. కొనని మనం కూడా తెలుసుకోవలసిన సంగతేనని నేనంటాను. ఎందుకో కాసేపటికి మీకే అర్థమవుతుంది.

మా మరిది ఒకటి తెప్పించాడు. నిధుల కోసం కాదు లెండి. వేరుశనగ పీకేటప్పుడు మా తోటికోడలి చెవికమ్మ ఒకటి చేనులో పడిపోయింది. అరతులం కూడా లేదు, కానీ పుట్టింటివాళ్లు పెట్టింది. రెండు రోజులు ఆ మిషను పట్టుకుని నేనూ తిరిగాను. మొదటిరోజు దొరికినవి చెబితే మీరు నవ్వుతారు. బండి సీలలు, అరిగిన కర్రుముక్క, ఎద్దు లాడాలు మూడు, సోడామూతలు, మాత్రల రేకులు, పురుగుమందు పొట్లాల తళుకు కాగితం. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మా ఊళ్లనూ, అవతల కర్నూలునూ ముంచెత్తిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వరద ఎవరింటి గరిటెను ఎవరి పొలంలో పూడ్చిందో ఆ దేవుడికే తెలియాలి. మన నేలలో బంగారం ఉందో లేదో గానీ ఇనుము మాత్రం దండిగా ఉంది!

ఇంతకీ ఆ మిషనుకు బంగారమంటే ఏమిటో తెలియదు. పాతదో కొత్తదో తెలియదు. దానికి తెలిసిందల్లా కరెంటు. చక్రంలో రాగితీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు పారుతుంటే ఆ అయస్కాంతప్రభావం మట్టిలోకి దిగుతుంది. కింద లోహపు ముక్క ఉంటే దానిలో చిన్నచిన్న కరెంటు సుడులు పుడతాయి. ఆ సుడుల జాడ తిరిగి చక్రానికి తగులుతుంది. వెండి, రాగి కరెంటును బాగా పారనిస్తాయి కాబట్టి వాటితో చేసిన నాణేలకు సన్నని పైస్వరం, తెరమీద పెద్ద అంకె. ఇనుప సీలకు బొంగురుగొంతు, చిన్న అంకె. తక్కినవన్నీ మధ్యలో. ఏ అంకె దేనికన్నది ఒక్కో కంపెనీ మిషనులో ఒక్కో రకంగా ఉంటుంది.

తిరకాసంతా ఆ మధ్యలోనే ఉంది. లోహం ఏదన్నదే కాదు, ముక్క ఎంత పెద్దది, ఎంత మందం అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. బంగారం కరెంటును చక్కగా పారనిచ్చేదే అయినా, పలచని చెవికమ్మ, సన్నని ఉంగరం, పుస్తెలాంటివి పలికే స్వరం మాత్రల రేకు పలికే స్వరం దాదాపు ఒకటే! "రేకు అంకె వస్తే తవ్వొద్దు, టైము వేస్టు" అని మా మరిది మొదటిరోజు మొత్తుకున్నాడు. రెండోరోజు ఆ రేకు అంకెలన్నీ వరసగా తవ్వుదామని నేను పట్టుబట్టాను. ముప్ఫై గుంతల తర్వాత, జానెడు లోతు కూడా లేని చోట, కమ్మ దొరికింది. మీ ఇంట్లో బంగారపు వస్తువు పోయి మిషను తెప్పించుకుంటే ఈ ఒక్కమాట మరిచిపోకండి. పైస్వరాలు మాత్రమే తవ్వేవాళ్లకు వెండిరూపాయి దొరుకుతుందేమో గానీ మీ ఉంగరం దొరకదు.

పాతనాణేల సంగతీ అంతే. హైదరాబాదు సంస్థానానికి సొంత నాణేలుండేవి. చార్మినారు బొమ్మున్న వెండిరూపాయి మీ తాతమ్మల పెట్టెల్లో చూసే ఉంటారు. మన వైపు గద్వాల, వనపర్తి, నారాయణపేటల్లో కూడా ఒకప్పుడు రూపాయలు ముద్రించారు. ఈ వెండివి, వాటితోపాటు మందపాటి రాగిడబ్బులు, మిషనుమీద ఖంగున పలుకుతాయి. కానీ శాతవాహనుల నాణేల్లో చాలావరకు సీసంవీ, పోటిన్ అనే మిశ్రలోహానివీ. వాటికి అంత గొంతు లేదు. చిన్నవి కూడా కావడంతో చెత్త కిందే జమైపోతాయి. విజయనగరం వారి బంగారు వరహా మూడున్నర గ్రాములకు కాస్త తక్కువ. పణమైతే అర గ్రాము కూడా ఉండదు. పప్పుబద్దంత ఉండే ఆ పణం మీదుగా చక్రం వెళ్లినా మిషను ఊరుకోవచ్చు. కాబట్టి పైస్వరమంటే పాతది, మధ్యస్వరమంటే చెత్త అని గుడ్డిగా పెట్టుకోవడం కుదరదు.

మరి ఎలా? కుండ కొనేటప్పుడు మనమేం చేస్తాం? వేలితో ఒకసారి కొట్టి ఊరుకోం. తిప్పి తిప్పి నాలుగువైపులా కొట్టి వింటాం. ఇక్కడా అదే పద్ధతి. ఒకచోట మోగగానే గడ్డపార ఎత్తకండి. చక్రాన్ని అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నిదానంగా తిప్పండి. తర్వాత మీరు పక్కకు జరిగి, అడ్డంగా ఇంకోసారి తిప్పండి. ఏవైపునుంచి తిప్పినా ఒకే స్వరం, ఒకే అంకె, ఒకేచోట వస్తుంటే అది గుండ్రటి వస్తువు కావచ్చు, తవ్వదగ్గది. ఒకవైపు ఖంగుమని, ఇంకోవైపు బొంగురుపోతే తుప్పుపట్టిన సీల అని ఎక్కువ నమ్మకం. సోడామూత భలే టక్కరిది. ఇనుమై ఉండి కూడా మంచి అంకె చూపిస్తుంది, కాకపోతే నిలకడ ఉండదు, అంకె గెంతుతూ ఉంటుంది. నాణెం నిలువుగా ఇరుక్కుని ఉన్నా స్వరం బలహీనంగానే వస్తుందనుకోండి, అందుకే నిలకడ లేని ప్రతిదాన్నీ చెత్త అని తీసిపారెయ్యలేం.

ఇంకో పరీక్ష కూడా చేసుకోవచ్చు. మోగిన చోట చక్రాన్ని మెల్లగా పైకెత్తండి. నాణెమంత వస్తువైతే కాస్త ఎత్తగానే స్వరం సన్నగిల్లి పోతుంది. అడుగు ఎత్తినా అదే హోరు వినిపిస్తుంటే కింద ఉన్నది పెద్దది. పైపు ముక్కో, బండిపట్టానో, రేకుడబ్బానో. పెద్ద ఇనుపముక్కలు వెండిలాగా పైస్వరం పలికి మనుషుల్ని ఊరిస్తాయి. మామూలు మిషను నాణేన్ని ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతుదాకా పట్టుకుంటుంది. "పదడుగుల కింద బంగారపు బిందె కనిపిస్తోంది" అని ఎవరైనా అంటే, ఆ మనిషికి మిషను సంగతి తెలియదన్నా కావాలి, మన సంగతి బాగా తెలిసిపోయిందన్నా కావాలి.

చెవికి అలవాటు కావాలంటే ఇంట్లోనే నేర్చుకోవచ్చు. మనందరి ఇళ్లలోనూ చెల్లని చిల్లర ఓ డబ్బాలో ఉంటుందిగా! వంకుల అంచు పదిపైసలు, పలకల ఇరవైపైసలు, ఓ రాగి చెంబు మూత, వెండి పట్టీ, మాత్రల రేకు, సీల, ఒక్కోటి ఒక్కోచోట నాలుగంగుళాల లోతున పెరట్లో పాతి, పైన పుల్ల గుచ్చి గుర్తుపెట్టుకోండి. ఒక్కోదాని గొంతు విని కాగితంమీద రాసుకోండి. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి అయస్కాంతానికి అతుక్కుంటుంది, చూశారా? దాన్ని కొన్ని మిషన్లు ఇనుమని తోసిపారేస్తాయి. పిల్లలకు వేసవి సెలవుల్లో మంచి కాలక్షేపం కూడాను. పూడ్చినవన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి, పట్టీతో సహా.

ఇదంతా స్వరం సంగతి. దీనికన్నా ముందు చూసుకోవలసింది ఏ నేలమీద నిలబడ్డాం అన్నది. అలంపూర్ గుళ్లలాంటి రక్షిత కట్టడాల ఆవరణలో మిషను ఎంత తియ్యగా పలికినా చెయ్యి పెట్టకూడదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం అక్కడ లైసెన్సు లేకుండా తవ్వడం నేరం. 2010లో దాన్ని ఇంకా గట్టిచేశారు. కట్టడానికి 100 మీటర్ల దాకా నిషేధిత ప్రాంతం, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతి ఉంటేనే ఏదైనా కట్టుకునే ప్రాంతం. వేసవిలో శ్రీశైలం నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు పాత ఊళ్ల గోడలు బయటపడతాయి. "ఎవరిదీ కాని నేలే కదక్కా" అంటారు కుర్రాళ్లు. ఎవరిదీ కాకపోవడమేమిటి, అది ప్రభుత్వానిది. పరాయి పొలమైతే ఆసామిని అడిగి తీరాలి. మిగిలింది మన పెరడు, మన చేను.

మన నేలలో దొరికితే మాత్రం పూర్తిగా మనదేనా? దేశంలో 1878 నుంచి నిధుల చట్టం ఉంది. నేలలో దాగి దొరికినదాని విలువ పదిరూపాయలు దాటితే కలెక్టరుకు రాసి తెలియజెయ్యాలని అది చెబుతుంది. దాచిపెడితే ఏడాది దాకా జైలు. భయపడాల్సిందేమీ లేదు, అసలు హక్కుదారులెవరూ తేలకపోతే దొరికినవాళ్లకూ స్థలం సొంతదారుకూ భాగాలు కూడా అందులోనే ఉన్నాయి. ప్రభుత్వమే ఉంచుకోదలిస్తే వెల కట్టి ఇస్తుంది. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని దేశం దాటించడం కుదరదు. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారమూ చెయ్యకూడదు. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే లోహపు పాత్రలో బంగారు, వెండి నగలు బయటపడ్డాయి. ఊరంతా చేరింది, అధికారులు వచ్చి స్వాధీనం చేసుకున్నారు. అలా ఒకటికి నాలుగు వస్తువులో, కుండపెంకులో కలిసి కనిపిస్తే ఇక మీ గడ్డపార ఆపెయ్యండి. తీసినవి తీసినట్టు, ఉన్నవి ఉన్నట్టు వదిలి తహసీల్దారుకు కబురు పెట్టండి. ఏ కుండలో, ఏ పొరలో, దేని పక్కన ఉందన్నది చూసే చదువుకున్నవాళ్లు కాలం చెప్పగలరు. కరీంనగర్ వైపు కోటిలింగాలలో ఊరివాళ్లకు దొరికిన నాణేలు పరబ్రహ్మశాస్త్రి గారిలాంటి పండితుల చేతికి చేరబట్టే కదా, శాతవాహనుల మొదటి రాజు పేరున్న నాణేల సంగతి లోకానికి తెలిసింది. కంసాలి మూసలో పడి ఉంటే ఏముంది, నాలుగు చుక్కల లోహం!

మిషను కొనని మనకెందుకు ఇదంతా అంటే - "మీ పూజగది కింద ధనముంది" అంటూ ఇల్లు వెతుక్కుంటూ వచ్చే ముఠాలు ఇప్పుడు అంజనంతోపాటు మిషను కూడా తెస్తున్నాయి. మిషను నిజంగానే మోగుతుంది. మోగదా మరి! స్లాబులో ఇనుపకమ్మీలు, నేలలో పాత పైపులు, పునాదిలో మిగిలిన సీలలు. ఎర్రమట్టిలో ఇనుపధాతువు ఎక్కువైనా మిషను సర్దుబాటు చెయ్యకపోతే ఊరికే కూస్తుంది. ఆ కూత విని మొగుడూపెళ్లాలు పూజలకని పుస్తెలు కూడా తాకట్టు పెట్టిన సంగతులు పేపర్లో చదువుతూనే ఉన్నాం. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో సాక్షాత్తు ప్రభుత్వ అనుమతితోనే నిధి కోసం తవ్వారు. నిధి మాత్రం కనిపించలేదు. అంత హంగామాకే దొరకనిది మన పొయ్యిగడ్డ కింద దొరుకుతుందా? ఎవరైనా మీ ఇంట్లో మిషను మోగిస్తే "ఏదీ, చక్రం అడుగు పైకెత్తు బాబూ, అడ్డంగా తిప్పు బాబూ" అనండి. ముఖం చూస్తే తెలిసిపోతుంది.

అన్నట్టు, ఒంటినాణెం ఏదైనా దొరికితే మనవాళ్లు చేసే మొదటిపని చింతపండు పెట్టి తోమడం. దయచేసి ఆ పని చెయ్యకండి. పులుపు, నిమ్మరసం, బూడిద, ఏవీ వద్దు. పైనున్న పచ్చని, నల్లని పొరే ఇన్నేళ్లూ ఆ అక్షరాలను కాపాడింది. పొరతోపాటు అక్షరాలూ పోతాయి, వెలా పోతుంది. మట్టి ఎక్కువుంటే ఉత్త నీళ్లలో కాసేపు ఉంచి, నీడన ఆరనిచ్చి, కాగితపు కవరులో వేసి, ఏ రోజు, ఏ మూల, ఎన్ని అంగుళాల లోతున దొరికిందో కవరుమీద రాయండి. తవ్విన గుంతలో వచ్చిన సీలలు, రేకులు ఏరి చెత్తబుట్టలో వెయ్యండి. మళ్లీ అక్కడే పడేస్తే రేపు మళ్లీ అవే కూస్తాయి. గడ్డపెళ్ల తీసింది తీసినట్టే తిరిగి పెట్టి కాలితో తొక్కెయ్యండి, పొద్దున మేతకొచ్చే ఎద్దు కాలు అందులో పడకుండా.