ఎండయు నత్తయు

వేసవియందు చెరువునీరు తగ్గినకొలది ఒడ్డుబురదలో నత్తలు గుంపులుగా కనబడును. వీనివలన పశువులకు గలుగు కీడును అనేకులెరుగరు. గోలేటి మొదలు గోదావరిఖని వరకుగల ఈ బొగ్గుగనుల సీమలో ఎండలు మిక్కిలి తీవ్రములు; రామగుండమున 45 డిగ్రీలు దాటిన దినములును కలవు. వేడి నత్తయొక్క రోగనిరోధశక్తిని ఎట్లు మార్చునో యిచట వివరింపదలచితిమి.

మొదట నత్తకును రోగమునకునుగల సంబంధమును తెలిసికొందము. గేదెపేడతో జలగజాతి పురుగుల గ్రుడ్లు నీటిలో పడును. గ్రుడ్డునుండి వెడలిన సూక్ష్మమైన పిల్ల, తగిన నత్త దొరకనిచో ఒకటిరెండు దినములలోపుననే చచ్చును. దొరకినచో దాని దేహమున జొచ్చి, ఒకటి వందలై, మరల నీటిలోనికి వచ్చును. లిమ్నియా యను నత్తనుండి వెడలిన కార్జపు జలగపిల్లలు ఒడ్డుననున్న గడ్డిని అంటుకొనియుండును. ఆ గడ్డి మేసిన పశువు చిక్కిపోవును, పాలు తగ్గును, దవడక్రింద నీరు దిగును. ఇండోప్లానోర్బిస్ అను చుట్టనత్తనుండి వచ్చు రక్తపు జలగలు చర్మమునే తొలిచికొని పోవును. వీనిలో నొకటి ముక్కునందలి రక్తనాళములలో నివసించి గురకవ్యాధి కలిగించును. దానికి 1933లో యం. ఏ. ఎన్. రావుగారు షిస్టోసోమా నాసలే యని పేరిడిరి.

అయితే ప్రతినత్తయు ఈ పురుగునకు లోబడదు. నత్తరక్తములో కావలికణములు కలవు. అవి లోన జొచ్చిన శత్రువును చుట్టుముట్టి చంపును. దక్షిణ అమెరికాలో మనుష్యులకు రక్తపు జలగవ్యాధిని వ్యాపింపజేయు బయోంఫలేరియా నత్తలలో, ఆ పురుగును సహజముగా నెదిరించు జాతి యొకటి గలదు. 2012లో ఇట్టిప్రసర్ట్, నైట్ అను పరిశోధకులు ఆ జాతినత్తలను 32 డిగ్రీల వేడికి గురిచేసి, పిమ్మట పురుగునకు అప్పగించిరి. 25 డిగ్రీలయొద్ద రోగమును ఎదిరించిన నత్తలే ఇప్పుడు లొంగిపోయెను! వేడి తగిలినపుడు కణములు తమ్ము కాపాడుకొనుటకై కొన్ని మాంసకృత్తులను పుట్టించును. వాని పనిని ముందుగనే మందుతో అడ్డగింపగా, నత్తలు వేడిలోనున్నను లొంగలేదు.

ఒక్కజాతియందు కనబడినది అన్నిజాతులకును వర్తించునని తలపరాదు. వేడి మరింత హెచ్చినచో నత్తయు పురుగును గూడ చచ్చును. కాని 32 డిగ్రీలు మన చెరువులకు అపూర్వముకాదు. మీదుమిక్కిలి, వేసవిలో మిగిలిన కొద్దినీటిలోనే గేదెలును నత్తలును కూడియుండును. కావున జాగ్రత్త యవసరము.

పశువులకు తొట్టిలో మంచినీరు పెట్టవలెను. చెరువొడ్డు గడ్డిని పచ్చిగా మేపక, కోసి బాగుగ నెండబెట్టి వేయవలెను. బాతులు నత్తలను తినును. వానిని పెంచుట లాభకరము. పశువైద్యునిచే పేడ పరీక్ష చేయించి తగిన మందు త్రాగించవలెను. పేడను చెరువుదరిని విడువక, కుప్పవేసి మాగనిచ్చినచో, ఆ కుప్పలో పుట్టు వేడికే జలగగ్రుడ్లు నశించును. చెరువులో కీడుచేయు వేడినే పెంటకుప్పలో మేలునకు వినియోగించుకొనుట మన చేతిలోని పనియే.