ఇంజక్షనుకు ముందు ఒక్క మాట



రోలుగుంటలాంటి ఊళ్ళకు పండక్కి వెళ్ళినప్పుడు, పెద్దవాళ్ళ మాటల్లో ఇలాంటిది చెవిని పడుతూ ఉంటుంది: "మా తమ్ముడికి చిన్నప్పుడు జ్వరమొస్తే సూదిమందు వేయించాం. ఆపైన వాడికి చెవులు వినబళ్ళేదు." పట్నంలో కాపురముంటున్న మనం దాన్ని కొట్టిపారేస్తాం. జ్వరం వల్లే పోయి ఉంటుందనుకుంటాం. చాలాసార్లు అదే నిజం కావచ్చు. కాని కొన్ని కుటుంబాల్లో సూదిమందుకీ చెవుడుకీ నిజంగానే సంబంధం ఉంది.

అదెలాగో చూద్దాం. మన ఒంట్లో దాదాపు ప్రతి జీవకణంలోనూ మైటోకాండ్రియా అనే చిన్న చిన్న పొయ్యిలుంటాయి. తిన్న అన్నం నుంచి శక్తిని తీసేవి అవే. వాటికి సొంత జన్యువులు 37 ఉన్నాయి. అందులో 13 మాంసకృత్తులకు నమూనాలు. మిగతా 24 ఆ మాంసకృత్తులు తయారుచేసే పనిముట్లకు సంబంధించినవి. జంతికలకు గొట్టం, బిళ్ళ ఉన్నట్టే అనుకోండి.

సూక్ష్మజీవులకూ ఇలాంటి గొట్టమే ఉంటుంది. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ వంటి మందులు ఆ బిళ్ళకు పట్టుకుని పని చెడగొడతాయి. దాంతో సూక్ష్మజీవి చస్తుంది. మన బిళ్ళ కాస్త వేరు కనుక మందు దానికి అంతగా పట్టదు. అయితే మైటోకాండ్రియా కూడా వందకోట్ల ఏళ్ళకు పూర్వం ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చినవే. అందుకే ఒక్క అక్షరం మారితే చాలు, మన బిళ్ళ మళ్ళీ సూక్ష్మజీవి బిళ్ళలా తయారవుతుంది. మైటోకాండ్రియా జన్యులిపిలోని 16,569 అక్షరాల్లో 1555వది మారితే ఇలా జరుగుతుందని 1993లో తేలింది. అప్పుడు మందు దెబ్బ లోపలి చెవిలోని సన్నని వెంట్రుక కణాల మీద పడుతుంది. అవి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. అలాంటివారికి మామూలు మోతాదే ప్రమాదం కావచ్చు.

మైటోకాండ్రియా బిడ్డకు వచ్చేది తల్లి నుంచే. తల్లి కొడుకులకూ కూతుళ్ళకూ ఇస్తుంది. కూతురు తన పిల్లలకిస్తుంది. కొడుకు ఇవ్వలేడు. ఈ తల్లి వరసను పట్టుకునే హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు అండమాన్ ఆదివాసుల పూర్వీకుల జాడ తీసి 2005లో ప్రకటించారు.

కనుక మీ పిల్లలకైతే మీ అమ్మ, అమ్మమ్మ, మేనమామలు, పెద్దమ్మ పిన్నుల పిల్లల సంగతి గుర్తుచేసుకోండి. మీ వారికైతే మీ అత్తగారినీ, ఆవిడ తల్లి వైపు వాళ్ళనూ అడగండి. ఇంజక్షన్లయ్యాక ఎవరికైనా వినికిడి తగ్గిందా? ఉంటే ఆ మాట డాక్టరుగారితో ముందే చెప్పండి. వీలుంటే ఆయన వేరే మందు రాస్తారు.

అలాగని భయపడి మందు మాన్పించకండి. పసిబిడ్డ రక్తంలో విషం చేరినప్పుడు ఈ మందులే ప్రాణం నిలబెడతాయి. ఆ అక్షరం మారినవాళ్ళందరికీ చెవుడు రాదు. మారనివాళ్ళకూ మోతాదు మించితే చెవికి హాని కలగవచ్చు. మందు వాడుతుండగా చెవిలో హోరు, తల తిరగడం, పిలిస్తే పలక్కపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకండి.

దీనికి పరీక్ష ఉంది. బ్రిటన్‌లోని మాంచెస్టరులో 2020లో పసిబిడ్డ బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి, అరగంటలోపే ఫలితం చెప్పే పద్ధతి వాడి చూశారు. మన హైదరాబాదులో నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. కుటుంబంలో ఇలాంటి చరిత్ర ఉంటే అటువంటి చోట సలహా అడగవచ్చు.

చివరగా ఒక్క మాట. తల్లి నుంచి వస్తుందన్నాను కదా అని ఏ కోడలినీ వేలెత్తి చూపకండి. ఆ అక్షరాన్ని ఆమె కోరి తెచ్చుకోలేదు. ఆమెకు తెలిసిన పుట్టింటి కబురే రేపు ఒక బిడ్డ చెవులు కాపాడవచ్చు. ఈసారి అమ్మమ్మగారింటికి వెళ్ళినప్పుడు ఆ కబురు అడిగి రాసిపెట్టుకోండి. ఉంటాను మరి.