గాజు ఊరి రాకెట్లు

టొలీడో యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియం దగ్గర సైన్యం నుంచి తెచ్చిన అసలు సిసలు రాకెట్ ఒకటి నిలబెట్టి ఉంది. దాని ముక్కు దక్షిణం వైపు వాలి ఉంటుంది. ఎందుకలా అని ఊళ్లో ఎవరినడిగినా ఒకటే జవాబు: నలభై కిలోమీటర్ల అవతల ఉన్న బౌలింగ్ గ్రీన్ యూనివర్సిటీ మైదానం నట్టనడుమ గీతకు గురిపెట్టారట. తాతలు మనవళ్లకు ఈ సంగతి చెప్పే తీరు చూస్తే చాలు, పక్క ఊరి మీద పంతం ఈ ఊరికి ఎంత ప్రాణమో తెలిసిపోతుంది.

ఒహాయో రాష్ట్రంలో వాయవ్య మూలన, మామీ నది ఈరీ సరస్సులో కలిసే చోట ఉంది టొలీడో. గంట ప్రయాణంలో ఉత్తరాన మిషిగన్ యూనివర్సిటీ. అక్కడి స్టేడియంలో లక్ష మందికి పైగా పడతారు. దక్షిణాన రెండు గంటల దూరంలో ఒహాయో స్టేట్, అక్కడా లక్ష మందే. ఈ రెండు కొండల నడుమ టొలీడో స్టేడియం, ఇరవై ఆరు వేల సీట్ల గ్లాస్ బౌల్ ఉంది. టొలీడో వీధుల్లో నడిస్తే మిషిగన్ టోపీలూ, ఒహాయో స్టేట్ చొక్కాలే ఎక్కువ కనిపిస్తాయి. అంత హోరులోనూ సొంత ఊరి జట్టు రాకెట్స్‌ని పట్టుకుని వేలాడేవాళ్లు తక్కువేం కాదు. ఈ కథనం వాళ్ల గురించి.

అమెరికా కాలేజీ ఆటల్లో యూనివర్సిటీలు కాన్ఫరెన్సులుగా జట్టు కడతాయి. మన భాషలో చెప్పాలంటే లీగులు. టొలీడో ఆడేది మిడ్ అమెరికన్ కాన్ఫరెన్స్‌లో. అందరూ ముద్దుగా ‘మ్యాక్’ అంటారు. 1946లో పుట్టింది, ఆఫీసు క్లీవ్‌లాండ్‌లో. టైర్ల ఊరు ఆక్రన్, గాజు సీసాలకు పేరుపడ్డ మన్సీలోని బాల్ స్టేట్, కెంట్ స్టేట్, కలమజూలోని వెస్ట్రన్ మిషిగన్, సరస్సు చివరన బఫలో... అన్నీ ఫ్యాక్టరీ పొగ చూసిన ఊళ్లో, మొక్కజొన్న చేల మధ్య కాలేజీ పట్టణాలో. డబ్బు సంగతి చెబితే తేడా తెలుస్తుంది. పెద్దన్న లాంటి బిగ్ టెన్ లీగు 2023 నుంచి ఏడేళ్లకు టీవీ హక్కులను ఏడు వందల కోట్ల డాలర్లకు పైగా అమ్ముకుంది. మ్యాక్ మొత్తానికి ఈఎస్‌పీఎన్ నుంచి వచ్చేది ఏడాదికి సుమారు ఎనభై లక్షల డాలర్లు. అది కూడా అన్ని కాలేజీలూ పంచుకోవాలి.

ఆ టీవీ డబ్బు కోసమే నవంబరు మ్యాచులు మంగళ, బుధవారాల రాత్రుళ్లకు మారాయి. శనివారాలు పెద్ద లీగులవి. వారం మధ్యలో టీవీలో ఖాళీ ఉంది, మ్యాక్ అందులో దూరింది. దేశమంతా ఆ రాత్రుళ్లను ‘మ్యాక్షన్’ అని పిలుస్తుంది. 2011 నవంబరు ఒకటో తారీఖున ఇదే గ్లాస్ బౌల్‌లో సాటి మ్యాక్ జట్టు నార్తర్న్ ఇల్లినాయ్ 63-60తో టొలీడోను ఓడించింది. ఆ స్కోరు చూశాక ఎక్కడెక్కడివాళ్లో ఈ లీగును వెతుక్కుని చూడడం మొదలుపెట్టారు. టీవీ ముందు కూర్చున్నవాళ్లకు పండగే. స్టేడియానికి వచ్చేవాళ్ల పాట్లు వేరు. తెల్లారితే పిల్లలకు బడి, పెద్దలకు షిఫ్టు. సరస్సు మీంచి వచ్చే గాలి కోటు మీద కోటు వేసినా ఎముకల్లోకి దిగుతుంది. గ్యాలరీలు సగం ఖాళీగా కనిపిస్తాయి. నాకు మాత్రం ఆ మిగిలిన సగం మీదే గౌరవం. వాళ్లను అడిగితే టీవీవాళ్ల మీద కోపం దాచుకోరు, అయినా మళ్లీ వారం వస్తారు.

స్టేడియానికి గాజు పేరెందుకు వచ్చిందో చెప్పాలి. 1888లో ఎడ్వర్డ్ లిబ్బీ తన గాజు ఫ్యాక్టరీని మసాచుసెట్స్ నుంచి టొలీడోకు తరలించాడు. అతని దగ్గర పనిచేసిన మైకెల్ ఓవెన్స్ సీసాలను తయారుచేసే యంత్రాన్ని కనిపెట్టాడు. అంతకుముందు నోటితో ఊది చేసిన పని యంత్రానికి వచ్చింది, ఊరికి గాజు నగరమని పేరొచ్చింది. మహా మాంద్యం రోజుల్లో, 1937లో, నిరుద్యోగులకు పని కల్పించే ప్రభుత్వ పథకం కింద రాతితో ఈ స్టేడియం కట్టారు. యుద్ధం ముగిశాక 1946లో గాజు దిమ్మెలు పెట్టి బాగుచేయడంతో గ్లాస్ బౌల్ అయింది. ఊరి కూలీ, ఊరి సరుకు. గాజు రాకముందే ఈ ఊరికి ఇంకో కథ ఉంది: దీని కోసం 1835లో ఒహాయో, మిషిగన్ రాష్ట్రాలు సేనలు కూడగట్టుకుని కలబడబోయాయి కూడా. చివరికి టొలీడో ఒహాయోకు దక్కింది, మిషిగన్‌కు బదులుగా ఉత్తరాన ఉన్న ద్వీపకల్పం ఇచ్చారు. 2008లో రాకెట్స్ లక్షమంది ముందు మిషిగన్‌ను దాని సొంత మైదానంలో 13-10తో ఓడించినప్పుడు టొలీడోలో ఆ పాత తగువు గుర్తుచేసుకోనివాళ్లు లేరు. మ్యాక్ జట్టు మిషిగన్‌ను ఓడించడం అదే మొదటిసారి.

అయితే ఈ ఊరి గుండెకాయ వేరే ఉంది. పేరు చక్ ఈలీ. ఒహాయో నది ఒడ్డున పోర్ట్స్‌మత్ అనే చిన్న ఊళ్లో పుట్టిన నల్లజాతి కుర్రాడు. స్కూలు జట్టుకు ఆడినన్నాళ్లూ ఓటమి ఎరగడు. టొలీడోలో క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే జట్టును నడిపే బంతి విసిరేవాడిగా, 1969లో దిగాడు. ఆ ఏడాది పదకొండు మ్యాచులూ గెలిచారు. అందులో బౌలింగ్ గ్రీన్ మీద గెలుపు 27-26, ఆఖరి క్షణాల్లో ఫీల్డ్ గోల్‌తో, అంటే బంతిని కాలితో తన్ని గోల్ స్తంభాల మధ్య దాటించి. 1970లో పన్నెండుకు పన్నెండు. ఆ సీజన్ కాగానే కోచ్ ఫ్రాంక్ లాటర్‌బర్ పెద్ద యూనివర్సిటీ అయోవాకు వెళ్లిపోయాడు. ఇక అయిపోయిందనుకున్నారు. 1971లో మళ్లీ పన్నెండుకు పన్నెండు. వరసగా ముప్పై ఐదు విజయాలు, మూడు సీజన్ల చివరా ఓర్లాండోలో టాంజరిన్ బౌల్ కప్పు. వియత్నాం యుద్ధంలో మెరీన్‌గా పోరాడి పతకాలతో తిరిగొచ్చిన మెల్ లాంగ్ ఆ జట్టు డిఫెన్స్‌లో అడ్డుగోడలా నిలిచాడు. తర్వాత ఆయన కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు.

మూడేళ్లు ఒక్కటీ ఓడని ఆటగాడిని ప్రొఫెషనల్ లీగు ఏం చేసింది? జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 1972 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో పదిహేడు రౌండ్లు నడిచాయి. ఒక్క జట్టూ ఈలీ పేరు పిలవలేదు. తాను క్వార్టర్‌బ్యాక్‌గానే ఆడతాననీ, వేరే స్థానానికి మారననీ ఆయన ముందే జట్లకు తెలియజేశాడు. ఆ రోజుల్లో జట్టును నడిపే చోట నల్లవాడిని చూడడానికి ఆ లీగు మనసు సిద్ధంగా లేదు. ఈలీ సరిహద్దు దాటి కెనడా వెళ్లాడు. హామిల్టన్ జట్టుకు ఆడి మొదటి ఏడాదే, 1972లో, అక్కడి లీగు కప్పు గ్రే కప్ గెలిచాడు. ఫైనల్లో ఉత్తమ ఆటగాడు కూడా ఆయనే. అక్కడే స్థిరపడిపోయాడు. టొలీడోలో పెద్దవాళ్లు ఈ కథ చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో గర్వమూ, అవమానమూ కలిసే వినిపిస్తాయి. తమవాడి విలువ దేశానికి తెలియలేదు, తమకు తెలుసు అన్న ఆ భావనే తరం నుంచి తరానికి అందుతూ వస్తోందని నాకనిపిస్తుంది. ఆదరణ తక్కువైన జట్టును ఇన్నేళ్లు పట్టి ఉంచిన దారం అదే.

ఫుట్‌బాల్‌లో ఇంత వైభవం చూసిన ఊరు బాస్కెట్‌బాల్‌లో పడుతున్న బాధ మాటల్లో చెప్పలేం. ఏటా మార్చిలో దేశమంతా కళ్లప్పగించి చూసే ఎన్‌సీఏఏ టోర్నీకి పెద్ద లీగుల నుంచి ఏడెనిమిది జట్లు వెళతాయి. మ్యాక్ నుంచి మామూలుగా ఒక్కటే. ఆ ఒక్కటి ఎవరన్నది నాలుగు నెలల సీజన్ తేల్చదు. క్లీవ్‌లాండ్‌లో మూడు నాలుగు రోజులు జరిగే లీగు టోర్నీ తేలుస్తుంది. టొలీడో పురుషుల జట్టు 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగేళ్లు సీజన్‌లో అగ్రస్థానంలో నిలిచింది. నాలుగేళ్లూ క్లీవ్‌లాండ్‌లో ఓడింది. 2023 ఫైనల్లో కెంట్ స్టేట్ చేతిలో. 2024లో మళ్లీ అదే కెంట్ స్టేట్, ఈసారి ఎనిమిదో స్థానం నుంచి వచ్చి తొలి మ్యాచ్‌లోనే ఇంటికి పంపింది. ఆ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ జట్టుకు ఎన్‌సీఏఏ గడప తొక్కే భాగ్యం కలగలేదు. అంతకుముందు తొక్కింది ఎప్పుడో తెలుసా? 1980లో. చేతికందిన పంట నోటికందకపోవడమంటే ఇదే. ఒక్క దెబ్బకు సీజన్ శ్రమంతా కొట్టుకుపోయే ఈ పద్ధతి నాకు అన్యాయంగానే తోస్తుంది. కానీ లీగులో కింద ఉన్న జట్టు అభిమానికి మార్చి దాకా ఆశ మిగిల్చేదీ ఆ పద్ధతే.

మహిళల జట్టు మాత్రం ఈ ఊరి కన్నీళ్లు తుడిచింది. 2011 ఏప్రిల్‌లో జాతీయ ఇన్విటేషన్ టోర్నీ ఫైనల్ టొలీడో యూనివర్సిటీ సావేజ్ అరీనాలోనే, సొంత జనం ముందు జరిగింది. ప్రత్యర్థి సదరన్ కాలిఫోర్నియా. ఇజ్రాయెల్ నుంచి వచ్చిన నామా షఫీర్ ఒక్కతే నలభై పాయింట్లు కొట్టింది. యూదు మత నియమాలు నిష్ఠగా పాటించే అమ్మాయి. భుజాలు కప్పుకోవాలి కాబట్టి జెర్సీ లోపల టీషర్టు వేసుకుని ఆడేది. టొలీడో 76-68తో కప్పు ఎత్తింది. ఏడు వేల మంది ఆ అమ్మాయిని ఇంటి పిల్లలా చూసుకున్నారు. పెద్ద లీగుల్లో కూడా చాలా మహిళల జట్లకు ఇంత జనం రాని రోజులవి.

ఇక్కడ అభిమానిగా ఉండడమంటే వీడ్కోళ్లకు అలవాటుపడడం కూడా. నిక్ సేబన్ 1990లో టొలీడోకు కోచ్‌గా ఉన్నది ఒక్క సీజనే. తొమ్మిది గెలిచి, రెండు ఓడి వెళ్లిపోయాడు. తర్వాత ఆయన అలబామాలో చరిత్ర సృష్టించాడు. కోచ్ అర్బన్ మేయర్ బౌలింగ్ గ్రీన్‌లో ఉన్నది రెండేళ్లే. ఏథెన్స్‌లోని ఒహాయో యూనివర్సిటీ 1968 తర్వాత మళ్లీ 2024లో లీగు ఫుట్‌బాల్ టైటిల్ గెలిచింది. యాభై ఆరేళ్ల నిరీక్షణ. ఆ సంబరం తీరకముందే, రోజుల తేడాలో, కోచ్ వేరే చోటికి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆటగాళ్లూ అంతే. బదిలీ నిబంధనలు సడలాయి. 2025 జూలై నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్లకు నేరుగా ఏడాదికి రెండు కోట్ల డాలర్లకు పైగా పంచవచ్చు. అంత డబ్బు మ్యాక్ కాలేజీలకు ఎక్కడిది? చిన్న ఊళ్లో రాటుదేలిన కుర్రాడు మూడో ఏట పెద్ద ఊరి చొక్కా వేసుకుంటాడు. అందుకే క్విన్యన్ మిచెల్‌ను టొలీడో అంతగా తలుచుకుంటుంది. ఎటూ పోకుండా ఇక్కడే ఆడి, 2024 డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లో ఫిలడెల్ఫియాకు ఎంపికై, మొదటి సీజన్‌లోనే సూపర్ బౌల్ గెలిచాడు.

ఈ లీగు అభిమానుల్లో నాకు బాగా నచ్చిన గుణం ఒకటుంది. బయటివాళ్లతో పోరాటం వచ్చిందంటే సొంత పంతాలు పక్కనబెట్టేస్తారు. 2024 సెప్టెంబరు ఏడున నార్తర్న్ ఇల్లినాయ్ ఐదో ర్యాంకులో ఉన్న నోటర్ డామ్‌ను దాని మైదానంలోనే 16-14తో ఓడించింది. పెద్ద జట్లు సొంత మైదానంలో సులువైన గెలుపు కోసం చిన్న జట్లను డబ్బిచ్చి పిలుస్తాయి. ఆ రోజు నార్తర్న్ ఇల్లినాయ్‌కు ముట్టింది పద్నాలుగు లక్షల డాలర్లని వార్తలొచ్చాయి. అర నిమిషం మిగిలుండగా ఫీల్డ్ గోల్ దూరింది. అక్కడే చదివి, అక్కడే ఆడి, అక్కడే కోచ్ అయిన థామస్ హ్యామక్ కెమెరా ముందు ఏడ్చేశాడు. 63-60 గాయం ఇంకా మానని టొలీడోలోనూ ఆ రాత్రి సంబరమే. ఆ తర్వాత వారమే రాకెట్స్ వెళ్లి మిసిసిపీ స్టేట్‌ను 41-17తో చిత్తుచేశారు. డిసెంబరులో డెట్రాయిట్‌లో పిట్స్‌బర్గ్‌ను ఆరు ఓవర్‌టైముల తర్వాత 48-46తో ఓడించారు. అదే నార్తర్న్ ఇల్లినాయ్ ఆ తర్వాత మ్యాక్‌ను వదిలి, 2026 నుంచి ఫుట్‌బాల్‌లో పడమటి రాష్ట్రాల మౌంటెన్ వెస్ట్ లీగుకు మారాలని నిర్ణయించుకుంది. బస్సులో వెళ్లగలిగిన ప్రత్యర్థి పోతే అభిమానికి ఎంత లోటో లెక్కల పుస్తకాల్లో కనిపించదు.

టొలీడో, బౌలింగ్ గ్రీన్, కెంట్, ఆక్రన్... ఈ పేర్లు మన తెలుగు ఇళ్లలో వేరే దారిన వినపడతాయి. ఎంఎస్ చేయడానికి వచ్చిన పిల్లలు మొదటి చలికాలం గడిపే ఊళ్లివి. చాలామందికి ఈ ఆట ముక్క అర్థం కాదు. ల్యాబ్, పార్ట్‌టైమ్ పని, అద్దె, వీటి మధ్య స్టేడియం గుర్తుకే రాదు. వెళ్లమనే నా సలహా. ఐపీఎల్ హడావిడి లేని రంజీ మ్యాచ్‌లో, ఖాళీ గ్యాలరీలో, స్కోరు చీటీ పట్టుకుని కూర్చునే పెద్దాయన మనకు తెలుసు. ఆ మనిషి ఇక్కడా ఉన్నాడు, మాట కలిపితే ఆట మొత్తం ఓపిగ్గా నేర్పుతాడు. పరాయి ఊరు సొంతమవడానికి అంతకంటే దగ్గరి దారి నాకు తెలియదు.

వెళ్లేవాళ్లు నవంబరులో ఒక మంగళవారమో, బుధవారమో చూసుకోండి. మధ్యాహ్నానికే ఊరు చేరితే టొలీడో ఆర్ట్ మ్యూజియంలోని గాజు భవనం చూడవచ్చు. ప్రవేశం ఉచితం, కొలిమి దగ్గర గాజు ఊదడం కూడా చూపిస్తారు. ఆ రోజు తలుపులు తెరిచి ఉంటాయో లేదో ముందే కనుక్కుని వెళ్లండి. చెవులు మూసే టోపీ, చేతులకు గ్లౌజులు తప్పనిసరి. స్టేడియంలో తెల్లజుట్టు పెద్దమనిషి పక్కన సీటు దొరికితే, చక్ ఈలీ ఆట చూశారా అని అడగండి. బౌలింగ్ గ్రీన్ మీద ఆఖరి క్షణాల ఆ ఫీల్డ్ గోల్ దగ్గర మొదలుపెడతారు. ముప్పై ఐదు మ్యాచులూ పూర్తయ్యేసరికి మీ కళ్ల ముందున్న మ్యాచ్ మూడో క్వార్టర్‌కు వచ్చేస్తుంది.