‘ఏరు’ అంటే నీళ్లు!

ఎర్రుపాలెం: మిరప కళ్లంలో ఒక చిన్నమాట పెద్ద తిరకాసు తెచ్చిపెడుతుంది. మన రైతు నోట ‘ఏరు’ అంటే తాలుకాయ ఏరమని అర్థం. లేదంటే ఊరి పక్కన పారే ఏరు. అడవి నుంచి కూలికి వచ్చిన కోయవారికి మాత్రం ‘ఏరు’ అంటే తాగే నీళ్లు. మిట్టమధ్యాహ్నపు ఎండలో దప్పికతో ఒక మనిషి ‘ఏరు’ అన్నాడనుకోండి. ఆ భాష తెలియని ఆసామి కాయల రాశి చూపించి, ‘ఆఁ, ఏరు ఏరు’ అంటే ఆ మనిషి గతి ఏమి కావాలి?

సంక్రాంతి వెళ్లి మిర్చి కోతలు ముమ్మరమయ్యాయంటే ఖమ్మం జిల్లా చేలకు భద్రాచలం ఏజెన్సీ నుంచి, ఆపైన ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు పిల్లాపాపలతో దిగుతారు. వారిలో కోయలు చాలామంది. చేల గట్ల మీదే గుడిసెలు, అక్కడే వంట. రెండు మూడు నెలలు మనకూ వారికీ మధ్య బేరమూ, పనీ, జబ్బూ, జ్వరమూ అన్నీ మాట మీదే నడవాలి. ఆ మాటే ఇరుపక్షాలకూ సరిగా అందకపోతే నష్టపోయేది కూలీయే.

పొలిమేర ఊరికి తెలియనిదా?

మాట వల్ల మనిషికి ముద్రపడటం ఎర్రుపాలెం ప్రాంతానికి కొత్త కాదు. 1947 దాకా ఇటు నిజాం రాజ్యం, అటు ఇంగ్లీషువారి ఏలుబడిలోని కృష్ణా జిల్లా. మధ్యలో పొలిమేర. ఇటు కచేరీ భాష ఉర్దూ. అందుకే ఒకే రకం పొలం లెక్కకు ఇటు పహాణీ అని, అటు అడంగల్ అని పేర్లు స్థిరపడ్డాయి. 1956లో రెండు వైపులా ఒకే రాష్ట్రమయ్యాయి. 2014 జూన్ 2న మళ్లీ రెండు రాష్ట్రాలయ్యాయి. రాష్ట్రాలు కలిసినా విడిపోయినా జమలాపురం వేంకటేశ్వరస్వామి గుడికి భక్తులు రెండు వైపుల నుంచీ వస్తూనే ఉన్నారు.

ఇక్కడి మనిషి హైదరాబాదు పోయి నోరు విప్పితే ‘మీది ఆంధ్రా వైపా?’ అంటారు. విజయవాడలో రైలు దిగి మాట్లాడితే ‘మీది తెలంగాణమా?’ అంటారు. ఊరిపేరు చెప్పకముందే యాస ఊరును పట్టిస్తుంది. ఉర్దూ మాటలు కలిసిన తెలంగాణా తెలుగును ‘తౌరక్యాంధ్రం’ అని కొందరు ఎగతాళి చేసిన రోజులు పెద్దలకు తెలుసు.

అంతకుముందు తెలుగుకే అవమానం జరిగింది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని ఆవరణలో సంఘ సంస్కరణ సభ జరుగుతున్నది. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభలోని వారు గోల చేసి, చప్పట్లు కొట్టి ఆయన్ను ఆపివేశారు. ఆ బాధలో నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే తర్వాత ఆంధ్ర మహాసభకు దారితీసింది. సొంత భాష మాట్లాడినందుకు నవ్వులపాలైతే ఎలా ఉంటుందో మన తాతలకు అనుభవమే. ఆ తాతల మనుమలే నేడు కోయ మాట వినిపిస్తే నవ్వడం విచారకరం.

భాష ఒక తల్లి బిడ్డే

కోయ అంటే నోటికి వచ్చిన ‘అడవి కూత’ కాదు. అది గోండికి అతి దగ్గరి భాష. తెలుగు, గోండి, కోయ, కువి అన్నీ ద్రావిడ కుటుంబంలో ఒకే శాఖకు చెందినవని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. అంటే ఇవి అక్కచెల్లెళ్లు. మనం ‘లోను’ అంటే లోపల. వారికి ‘లోన్’ అంటే ఇల్లు. వారు ‘నన్న’ అంటే ‘నేను’ అని అర్థం. తెలియని చెవికి అది ‘నాన్న’ అని వినిపిస్తుంది. ‘నేను’ అన్న మాటే ఎదుటివారికి అర్థం కాకపోతే ఇక తన సంగతి తాను చెప్పుకునేదెలా?

దుమ్ముగూడెంలో ఉన్న పాదిరీ జాన్ కెయిన్ 1870 దశకంలోనే కోయల మాటను, ఆచారాలను గురించి రాశాడు. అమెరికా పండితుడు స్టీఫెన్ టైలర్ గోదావరి ఒడ్డున ఉండే గొమ్ము కోయల భాషకు 1969లో వ్యాకరణం వెలువరించాడు. 2011 జనాభా లెక్కల్లో కోయను మాతృభాషగా చెప్పినవారు 4 లక్షల 7 వేల పైచిలుకు. కోయలలో ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చేది ‘గట్టు’. మూడో గట్టా, నాలుగో గట్టా, ఐదో గట్టా అని చూసుకునే పెళ్లి మాట కలుపుతారు. ఆ వంశాల కథలు పుస్తకాల్లో కాదు, డోలీ కళాకారుల గొంతులో ఉన్నాయి. మణుగూరు ప్రాంతపు డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో కన్నుమూశారు. భాష పోతే ఈ కథలు కూడా పోతాయి.

బడిలో మూగనోము

ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష అయినప్పుడు పిల్లవాడు మొద్దు కాదు, మూగవాడవుతాడు. పంతులు అడిగినది తెలియదు, తెలిసినది చెప్పడానికి మాట లేదు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని రాజ్యాంగం 350-ఏ అధికరణం 1956 నుంచీ చెబుతున్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయతో సహా 8 గిరిజన భాషల్లో పాఠాలు మొదలుపెట్టారు. ముందు ఇంటి మాటలో అక్షరం నేర్పి, మెల్లగా తెలుగులోకి తేవడం దీని పద్ధతి. కోయకు వాడింది తెలుగు లిపే.

ఏజెన్సీ బడుల్లో స్థానిక గిరిజనులే టీచర్లుగా ఉండాలని 2000 సంవత్సరంలో జీవో నంబరు 3 వచ్చింది. ఉద్యోగాలన్నీ ఒకే వర్గానికి కేటాయించడం చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. తీర్పు ఎలా ఉన్నా పిల్లవాని అవసరం మాత్రం మారలేదు. ‘ఏరు’ అంటే దాహమని తెలిసిన టీచరు వానికి కావాలి.

కోతల కాలంలో తల్లిదండ్రుల వెంట వచ్చే పిల్లలకు ఇంకో కష్టం. సొంతూరి బడి తప్పుతుంది, ఇక్కడి బడి అందదు. నవ్వుతారన్న భయంతో కొందరు ఇంటి మాటనే దాచుకుంటారు. అలా దాచుకున్న మాట తర్వాతి తరానికి చేరదు.

మేస్త్రీ ఒక్కడే దిక్కు

చేలో రైతు మాట కూలీకి, కూలీ మాట రైతుకు చేర్చేది ముఠా మేస్త్రీయే. కూలి రేటు ఎంత, తూకం ఎంత, పట్టుబడి ఎంత, అంతా అతని నోటి మీదే. ఆసుపత్రిలో ఆడమనిషి తన బాధ చెప్పుకోవాలన్నా అతనే రావాలి. పురుగుమందు కొట్టిన చేను, తాకరాదన్న హెచ్చరిక కూడా అతను చెబితేనే తెలుస్తుంది. అతను పక్కన లేని రోజున ప్రమాదమే.

దీనికి పెద్ద పథకాలు అక్కరలేదు. నీళ్లు, అన్నం, జ్వరం, నొప్పి, విషం, కూలి, ఇల్లు వంటి పాతిక మాటలు కోయలో నేర్చుకుంటే చాలు. పంచాయతీ గోడ మీద, ఆసుపత్రి వరండాలో రెండు భాషల్లో రాయించవచ్చు. మాటలు చెప్పడానికి చేలో ఉన్నవారే గురువులు. కోతల కాలంలో వచ్చిన పిల్లలను దగ్గరి బడిలో కూర్చోబెట్టి, కోయ తెలిసిన చదువుకున్న యువకులను తోడుగా నియమించేందుకు విద్యాశాఖ అధికారులు శ్రద్ధ చూపవలసి ఉన్నది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత. ఈసారి కళ్లంలో ఎవరైనా ‘ఏరు’ అంటే కాయల వైపు కాదు, కుండ వైపు చూడాలి.